పెంపుడు పామును కొత్త ఎక్సోటిక్ వైద్యునికి చూపించడం: గోదావరి డెల్టా పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

చిలుకలు, ఇగ్వానాలు, పాముల వంటి జీవులకు కూడా వైద్యం చేసే డాక్టరు ఒకరు దగ్గరి పట్టణంలో కొత్తగా ఆసుపత్రి తెరిచారని తెలియగానే, పామును పెంచుకునే మిత్రుల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. పదకొండేళ్ళుగా బాల్ పైథాన్ అనే ఒక విదేశీ కొండచిలువను పెంచుతూ, దానికోసం దూరాభారాలు తిరిగి, కొన్ని తప్పులు చేసి నేర్చుకున్నవాణ్ణి కనుక, వారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

పాము బాగానే తింటోంది, కుబుసం సరిగ్గానే విడుస్తోంది. జబ్బేమీ లేనప్పుడు డాక్టరు గారి దగ్గరకు ఎందుకు?

గేదెకు నలతగా ఉంటే సాయంత్రానికి పాలచెంబులోనే తేడా తెలుస్తుంది. పాము విషయంలో అటువంటి ఆనవాలు ఏదీ ఉండదు. ఆరోగ్యంగా ఉన్నా అది రోజంతా ఒక మూల చుట్ట చుట్టుకునే ఉంటుంది, జబ్బుగా ఉన్నా అలాగే ఉంటుంది. బలహీనతను బయటపెట్టిన జీవి అడవిలో మరొక జీవికి ఆహారమైపోతుంది కనుక, బాధను దాచుకోవడం పాముకు పుట్టుకతో వచ్చిన గుణం. దాని ఒంట్లో ఏదో తేడా ఉందని మన కంటికి తెలిసే నాటికి ఆ జబ్బు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి లోపల ముదిరి ఉంటుంది.

అందుచేత మొదటిసారి వెళ్ళవలసింది పాము ఆరోగ్యంగా ఉన్నప్పుడే. ఆ రోజు డాక్టరు గారు రాసుకున్న బరువు, నోటి లోపలి రంగు, కండ పట్టు, గుండె కొట్టుకునే వేగం మీ పాముకు సంబంధించిన మామూలు స్థితిగా వారి దగ్గర నమోదై ఉంటాయి. రేపు జబ్బు చేసినప్పుడు దేనితో పోల్చి చూడాలో వారికి తెలుస్తుంది. పైగా, పాము ప్రాణం మీదికి వచ్చిన కంగారులో కొత్త వైద్యుని పనితనాన్ని అంచనా వేయడం ఎవరికీ సాధ్యం కాదు. కొత్తగా తెచ్చుకున్న పాము అయితే రెండు వారాల లోపు చూపించడం మంచిది, ఇంట్లో ఇదివరకే వేరే పాములు ఉంటే దానిని 90 రోజుల పాటు వేరే గదిలో, వేరే నీటి గిన్నెతో, వేరే పనిముట్లతో ఉంచాలి.

మన దేశంలో పామును పెంచుకోవడం నేరం కాదా? డాక్టరు గారు పత్రాలు అడుగుతారా?

నాగుపాము, జెర్రిపోతు, నీరుకట్టె, రక్తపింజరి, కొండచిలువ వంటి మన దేశపు పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విషం లేనిదైనా, పొలంలో దొరికిన పిల్ల అయినా, "పుట్ట దగ్గర వదిలేద్దామనుకుంటూనే ఉన్నామండీ" అని చెప్పినా చట్టం ముందు తేడా ఉండదు.

విదేశీ జాతుల సంగతి వేరు. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ద్వారా వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలలోని జీవులను నాలుగవ షెడ్యూలులో చేర్చారు. బాల్ పైథాన్ సైటిస్ రెండవ అనుబంధంలో ఉన్న పాము కనుక దీనికి నమోదు తప్పనిసరి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాల ప్రకారం అప్పటికే పెంచుతున్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆ తరువాత తెచ్చుకునేవారు 30 రోజుల లోపు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి దరఖాస్తు చేయాలి. పిల్లలు పుట్టినా, మరొకరికి ఇచ్చినా, చనిపోయినా తెలియజేయాలి. మరో విదేశీ పెంపుడు పాము అయిన కార్న్ స్నేక్ సైటిస్ అనుబంధాలలో లేదు. అయినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే కొనుగోలు కాగితాలు భద్రపరచుకోవాలి.

డాక్టరు గారు పత్రాలు అడిగితే నొచ్చుకోవద్దు. అడిగే వైద్యుడే నాకు ఎక్కువ నమ్మదగినవాడుగా అనిపిస్తాడు. నమోదు పత్రం నకలు ఒకటి పాము పెట్టెతో పాటే ఉంచుకుంటే దారిలో ఎవరైనా ఆపినా ఇబ్బంది ఉండదు.

మా ఊరి పశువుల ఆసుపత్రిలో చూపిస్తే సరిపోదా?

మన డెల్టాలోని పశువైద్యులు ముర్రా గేదెలలోనూ, ఒంగోలు జాతి పశువులలోనూ, తణుకు, అనపర్తి వైపు అయితే కోళ్ళ ఫారాలలోనూ పండిపోయినవారు. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార వాహనాలు కూడా పాడిపశువుల కోసం ఏర్పడినవే. పాము శరీర నిర్మాణం వేరు, మందు మోతాదుల లెక్క వేరు కనుక, పాములను చూసే అలవాటున్న వైద్యుడు అందుబాటులో ఉంటే వారి దగ్గరకే వెళ్ళాలి.

అంత మాత్రాన ఊరి డాక్టరు గారిని తీసిపారేయకూడదు. పేడ పరీక్ష చేసే సూక్ష్మదర్శిని వారి దగ్గర ఉంటుంది, గాయానికి కుట్టు వేయగలరు, అన్నిటికీ మించి ఎక్సోటిక్ వైద్యునితో ఫోనులో మాట్లాడుతూ వారు చెప్పినట్లు చేయగలరు. రాజమహేంద్రవరం నుంచి విశాఖపట్నం సుమారు 190 కిలోమీటర్లు, జబ్బు పామును అంత దూరం పదే పదే తిప్పడం కన్నా, కొత్త వైద్యునితో మొదటి రోజే "మా ఊరి డాక్టరు గారితో మాట్లాడతారా అండీ?" అని అడిగి, ఇద్దరినీ కలపడం చాలా మేలు.

కొత్త వైద్యునికి పాములతో అనుభవం ఉందో లేదో ముందుగా ఎలా తెలుసుకోవాలి?

ముందుగా, వారు పశువైద్య మండలిలో నమోదైన పట్టభద్రులై ఉండాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదు లేనివారు వైద్యం చేయకూడదు. బోర్డు మీద ఎక్సోటిక్ అన్న మాట ఉన్నంత మాత్రాన అనుభవం ఉన్నట్లు కాదు కనుక, ఫోనులో మర్యాదగా కొన్ని ప్రశ్నలు అడగండి. నెలకు ఎన్ని పాములను చూస్తుంటారు, గ్రాములలో తూచే కాటా ఉందా, పాముకు మత్తు ఇవ్వవలసి వస్తే ఏమి వాడతారు, ఎక్స్‌రే ఎక్కడ తీయిస్తారు, తమకు తెలియని కేసు వస్తే ఎవరిని సంప్రదిస్తారు అన్న ప్రశ్నలు చాలు. చివరి ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని నేను అన్నిటికన్నా శ్రద్ధగా వింటాను. గన్నవరం పశువైద్య కళాశాలలో ఫలానా శాఖవారిని అడుగుతామనో, జూలో పనిచేసే మిత్రుడున్నాడనో వెంటనే చెప్పే వైద్యుడు, "అన్నీ మేమే చూసుకుంటామండీ" అనే వైద్యుని కన్నా మెరుగు.

అవతలి నుంచి కూడా ప్రశ్నలు రావాలి. ఏ జాతి, ఎన్నేళ్ళు, బరువెంత, చివరిసారి ఎప్పుడు తిన్నది, పెట్టెలో వేడి ఎంత అని అడగకుండా "తీసుకురండి చూద్దాం" అని పెట్టేస్తే, నేనైతే మరొకసారి ఆలోచిస్తాను.

మేత పెట్టిన ఎన్నాళ్ళకు తీసుకువెళ్ళాలి?

కనీసం రెండు మూడు రోజులు ఆగాలి. పెద్ద ఎలుకను మింగి ఉంటే ఇంకొంచెం ఎక్కువ ఆగడం మంచిది. కడుపులో మేత ఉండగా పట్టుకుని కదిపితే కక్కేస్తుంది, కక్కిన పాము మళ్ళీ తేరుకోవడానికి వారాలు పడుతుంది. కళ్ళు పాలరంగుకు తిరిగి కుబుసానికి సిద్ధంగా ఉన్నప్పుడు చర్మం సున్నితంగా ఉంటుంది కనుక, అత్యవసరం కాకపోతే కుబుసం విడిచేదాకా వాయిదా వేయండి.

ఎండలో, వానలో ఇంత దూరం ఎలా తీసుకువెళ్ళాలి?

ఉతికిన నూలు దిండు గలీబు అన్నిటికన్నా మంచి సంచి. కుట్టు దారాలు లోపల వేలాడకుండా గలీబును తిరగేసి చూసుకోవాలి, పామును అందులోకి దించి మూతి మెలిపెట్టి ముడి వేయాలి, ఆ ముడి పాము ఒంటికి దగ్గరగా బిగుసుకోకుండా చూడాలి. ఆ సంచిని గాలి రంధ్రాలున్న గట్టి పెట్టెలో ఉంచాలి. భీమవరం వైపు రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టె ఇందుకు బాగా పనికొస్తుంది. వేడినీ చలినీ రెండింటినీ ఆపుతుంది. అయితే రొయ్యలు మోసిన పాత పెట్టె వద్దు, కొత్తదే తీసుకుని పక్క గోడలకు పెన్సిలు మందాన ఎనిమిది పది రంధ్రాలు చేయండి. చీకటిగా, కదలడానికి పెద్దగా చోటు లేకుండా ఉన్న సంచిలో పాము స్థిమితంగా ఉంటుంది. మనకు జాలి కలిగించే ఆ ఇరుకే దానికి భద్రత.

ప్రయాణంలో పెట్టె లోపల వేడి 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ధనుర్మాసపు తెల్లవారుజామున బయలుదేరితే గోరువెచ్చని నీళ్ళ సీసాను తువాలులో చుట్టి, సంచికి తగలకుండా ఒక పక్కన పెట్టవచ్చు. ఎండాకాలంలో భయపడవలసింది వేడికి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో టిఫిను కోసం రావులపాలెంలో కారు ఆపి, అద్దాలు మూసి దిగిపోతే, తిరిగి వచ్చేలోగా పాము ప్రాణం పోయి ఉండవచ్చు. పెట్టెను డిక్కీలో పెట్టకూడదు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటా పెట్టకూడదు. ఎండాకాలపు అపాయింట్‌మెంటును ఉదయం తొలి వేళకే అడగండి.

సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటు మీద దాటే అలవాటున్నవారు వరద రోజుల్లో పంటు ఆగిపోతుందని గుర్తుంచుకుని, చించినాడ వంతెన మీదుగా వెళ్ళేందుకు పట్టే అదనపు సమయాన్ని ముందే లెక్క వేసుకోవాలి. నిండిన బస్సులో పాముతో ఎక్కడం మాత్రం వద్దు. పెట్టెలో ఏముందో ఎవరికైనా తెలిస్తే పుట్టే గగ్గోలులో మనుషులకూ ప్రమాదమే, పాముకూ ప్రమాదమే.

డాక్టరు గారికి చూపించడానికి ఏమేమి తీసుకువెళ్ళాలి?

ఒక నోటు పుస్తకం. మిగిలినవన్నీ దాని తరువాతే. మేత పెట్టిన తేదీ, ఏ మేత, ఎంత బరువు, తిన్నదా మానేసిందా, మలవిసర్జన, కుబుసం ఒకే తునకగా వచ్చిందా ముక్కలుగా వచ్చిందా, వారానికొకసారి పాము బరువు, రోజూ ఇంట్లో పాము ఉండే పెట్టెలో వేడి వైపు, చల్లని వైపు ఎన్ని డిగ్రీలు, తేమ ఎంత శాతం అన్నవి అందులో ఉండాలి. బరువుకు వంటింటి డిజిటల్ కాటా చాలు.

ఈ పుస్తకం విలువ నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఒక ఆగస్టులో, గోదావరికి వరద వచ్చి వానలు విడవకుండా పడుతున్న రోజుల్లో, మా పాము ఊపిరి తీస్తుంటే చాలా సన్నగా, తడి కొబ్బరాకు పీకలో గాలి ఊదినట్లుగా ఒక శబ్దం వినపడింది. రెండు రోజులు చూసి, ఒక కొత్త డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన పామును ముట్టుకోకముందే పుస్తకం అడిగి తీసుకుని, చల్లని వైపు డిగ్రీలు రాసిన గడి వెంట వేలు దించుకుంటూ వచ్చి, జూలై చివరి వారం దగ్గర ఆపారు. అక్కడి నుంచి ప్రతి ఉదయమూ 23, 22, 23 అని ఉంది. పక్క గడిలో తేమ 85కు తగ్గలేదు. "ఈ రాత్రుళ్ళు మీ వీధిలో కరెంటు పోతోందా అండీ?" అని అడిగారు. నిజంగానే పోతోంది. పెట్టెను వేడిగా ఉంచే హీట్ మ్యాట్ రాత్రి ఆగిపోవడం, తెల్లవారి నేను లేచేసరికి మళ్ళీ పనిచేయడం వల్ల ఆ అంకెలను నేనే రాస్తూ కూడా వాటి అర్థం గ్రహించలేదు. తరువాత నోరు తెరిచి చూస్తే గొంతు దగ్గర జిగురు తీగలు కనిపించాయి, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ అని తేలింది.

పుస్తకంతో పాటు పాము పెట్టె ఫోటోలు నాలుగైదు, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తీగ కొస ఎక్కడ పెట్టారో కనిపించేలా తీసి తీసుకువెళ్ళండి. 24 గంటల లోపు మలాన్ని తెల్లని సున్నపు ముద్దలాంటి భాగంతో సహా శుభ్రమైన మూత డబ్బాలో, ఆఖరి కుబుసాన్ని కవరులో పెట్టుకోండి. పెట్టెలో ఏమి పరిచారో చెప్పండి. మన కోనసీమ కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతుంది, పాముకు మంచిదే. ముక్కిపోయినదైతే మాత్రం కింది పొలుసులు పుండ్లు పడతాయి, అందుకే పిడికెడు పొట్టు కూడా తీసుకువెళ్ళి చూపించడంలో తప్పు లేదు. మీ వల్ల జరిగిన పొరపాటు ఏదైనా ఉంటే దాచకండి. ఇరవై రోజులు నీళ్ళు మార్చలేదన్న మాట చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది, కానీ ఆ ఒక్క మాట లేక వైద్యుడు అనవసరమైన పరీక్షలన్నీ చేయవలసి వస్తుంది.

వరండాలో కుక్కలతో, జనంతో ఎలా వేగాలి?

పామును బయటకు తీయకండి, ఎవరు బతిమాలినా చూపించకండి. కాంపౌండర్ "ఆయ్, పెట్టెలో ఏం తెచ్చారండీ?" అని పెద్దగా అడిగితే అందరూ వింటారు కనుక, ముందు రోజే ఫోను చేసి మొదటి అపాయింట్‌మెంటు గానీ, పిలిచేదాకా కారులోనే ఏసీ వేసుకుని కూర్చునే వీలు గానీ అడగడం అందరికీ సుఖం. వీధిలో పాము కనిపిస్తే కర్ర వెతుక్కునే ఊళ్ళు మనవి. కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ భయాన్ని చిన్నచూపు చూడకూడదు.

పరీక్షలో డాక్టరు గారు ఏం చేస్తారు? ఏం గమనించాలి?

మంచి వైద్యుడు ముందు పామును దూరం నుంచి చూస్తాడు: నాలుక ఆడిస్తోందా, తల నిలకడగా ఉందా, ఊపిరికి నోరు తెరుస్తోందా అని. తరువాత ఒక చేతితో తలను, రెండో చేతితో ఒంటిని ఆనించి పట్టుకుని, వేళ్ళతో తల నుంచి తోక దాకా నెమ్మదిగా తడుముతూ వస్తాడు. వెన్నెముక మొనదేలి ఉందా, మధ్యలో గడ్డలున్నాయా అన్నది ఆ వేళ్ళకే తెలుస్తుంది. కంటి మీద పాత కుబుసపు పొర మిగిలిపోయిందా, గవద కింద మడతల్లో నువ్వుగింజ కన్నా చిన్నవైన నల్లని మైట్లు అనే రక్తం పీల్చే పురుగులు ఉన్నాయా అని చూస్తాడు. తడి దూదితో తుడిస్తే మైట్లు మచ్చల్లా అంటుకుంటాయి. నోటిని చెక్క పుల్లతోనో మెత్తని ప్లాస్టిక్ ముక్కతోనో తెరిచి చిగుళ్ళు, శ్వాసరంధ్రం చూస్తాడు. పామును వెల్లకిలా తిప్పి, తనంతట తాను తిరగబడుతుందా అని కూడా చూడవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పాము వెంటనే బోర్లా తిరుగుతుంది.

పాముకు మనకున్నట్లు ఉదరవితానం లేదు కనుక అది గట్టిగా దగ్గి కఫాన్ని బయటకు నెట్టలేదు. ఊపిరితిత్తుల జబ్బు పాములలో త్వరగా ముదరడానికి ఇదొక కారణం. గుండె సుమారుగా మూతి నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య దూరంలో ఉంటుంది. చిన్న డాప్లర్ యంత్రంతో దాని చప్పుడు మీకూ వినిపిస్తారు. మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

తల పట్టి ఒళ్ళు వేలాడదీసేవారు, తూచకుండానే మందు రాసేవారు, మీ ప్రశ్నలకు విసుక్కునేవారు అయితే మర్యాదగా సెలవు తీసుకుని వచ్చేయండి.

రక్తం తీస్తారా? మత్తు ఇస్తారా?

ఆరోగ్య పరీక్షకు సాధారణంగా అవసరం లేదు. అవసరమైతే తోక కింది రక్తనాళం నుంచి గానీ, అనుభవజ్ఞులు గుండె నుంచి గానీ సూదితో కొద్దిగా తీస్తారు. గుండె అనగానే హడలిపోనక్కరలేదు, పాములలో అది తెలిసిన పద్ధతే. శస్త్రచికిత్సకు ఐసోఫ్లూరేన్ వాయువుతో మత్తు ఇస్తారు. పాము నెమ్మదిగా తేరుకుంటుంది కనుక, ఆ రాత్రి ఎవరు కనిపెట్టుకుని ఉంటారో, ఎంత వేడిలో ఉంచుతారో ముందే అడగండి.

ఇచ్చిన మందులను ఇంటి దగ్గర ఎలా వాడాలి?

రాసిన మోతాదు, రాసిన వ్యవధి, రాసిన చోటు. ఈ మూడింటిలో ఏదీ మీ అంతట మీరు మార్చకూడదు. పాము ఒంట్లో మందు నెమ్మదిగా ఖర్చవుతుంది. సెఫ్టాజిడైమ్ వంటి యాంటీబయాటిక్‌ను మూడు రోజులకొకసారి మాత్రమే వేస్తారు. ఇంజెక్షన్‌ను శరీరపు ముందు భాగంలో వేయడం ఆనవాయితీ. ఎందుకంటే వెనుక భాగపు రక్తం ముందుగా మూత్రపిండాల మీదుగా పోయే ఏర్పాటు పాములకు ఉంది. పెట్టెలో తగినంత వేడి లేకపోతే ఎంత మంచి మందైనా పనిచేయదు.

నా మొదటి పాము రోజుల్లో, వేరొక నగరంలోని ఒక ఆసుపత్రిలో, ఎన్రోఫ్లోక్సాసిన్‌ను పలచన చేయకుండా తోక వైపు వరుసగా ఐదు రోజులు వేశారు. ఆ చోట చర్మం నల్లబడి ఊడిపోయి, రెండు వేళ్ళ వెడల్పున మచ్చ చచ్చేదాకా ఉండిపోయింది. వారు దుర్మార్గులు కారు, పాములను చూసినవారు కారు, అంతే. నేనూ జాతి పేరు గానీ, బరువు గానీ చెప్పలేదు.

పశువుల మందుల దుకాణంలో సులువుగా దొరికే ఐవర్‌మెక్టిన్ గురించి ఒక్క మాట. మైట్లకు దానిని పాములలో వాడతారు, కానీ గేదెకు కొలిచే సీసాలోని మందు పాముకు ఒక్క చుక్క ఎక్కువైనా నరాలు దెబ్బతింటాయి. వైద్యుడు పాము బరువును గ్రాములలో తూచి లెక్కకట్టి ఇస్తే తప్ప ఆ సీసా జోలికి పోవద్దు.

నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం కదా, నీరసించిన పాముకు పాలు పట్టవచ్చా?

పట్టకూడదు. చవితినాటి పూజ మన భక్తి, దాని విలువ దానిదే. పాముకు పాలు ఆహారం కాదు, అరగవు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్ళు ఆరిపోయిన పాముకు శుభ్రమైన గోరువెచ్చని నీటిని లోతు లేని తొట్టిలో పోసి, అందులో పదిహేను ఇరవై నిమిషాలు దగ్గరుండి ఉంచి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

పొలం ఎలుకలను మేతగా వేయవచ్చా?

ఎలుకబుట్టలు పెట్టి వరి చేలలో ఎలుకలు పట్టేవారు మనకు ఉన్నారు, పదిహేను రూపాయల ఎలుక ఇంటి ముందుకే వస్తే ఆశ పుట్టడం సహజం. కానీ మన చేలలో జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ వంటి ఎలుకమందులు విరివిగా వాడతారు. మందు తిన్న ఎలుక చావకముందే బుట్టలో పడవచ్చు. వాటి పేగుల్లో పరాన్నజీవులు ఉంటాయి, మనుషులకు లెప్టోస్పైరోసిస్ అనే జ్వరాన్ని తెచ్చేదీ ఆ ఎలుకే. పెంపకపు తెల్ల ఎలుకలనే వాడండి. ఎప్పుడైనా పొలం ఎలుకను వేసి ఉంటే ఆ సంగతి మొదటి సందర్శనలోనే వైద్యునికి చెప్పండి.

ఎప్పుడు అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా పరుగెత్తాలి?

నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, తల ఆకాశం వైపు మెలితిరిగిపోతుంటే, విసర్జన రంధ్రం నుంచి పేగు బయటకు వస్తే, హీట్ మ్యాట్ మీద ఒళ్ళు కాలితే, ఎలుక కరిచి గాయమైతే, గుడ్లు పెట్టడం మధ్యలో ఆగిపోతే, మింగినదంతా వరుసగా కక్కేస్తుంటే ఆగకూడదు. బయటకు వచ్చిన పేగును ఆరిపోనివ్వకుండా శుభ్రమైన సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పి తీసుకువెళ్ళండి, లోపలికి నెట్టే ప్రయత్నం చేయకండి.

మేత మానేయడం ఒక్కటే అత్యవసరం కాదు. పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు. కాటా చెప్పేదే చూడండి: 1,200 గ్రాముల పాము 1,080కి దిగితే, అంటే పదో వంతు తగ్గితే, చూపించవలసిందే.

ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవారు ఉన్నారు. పాము నుంచి జబ్బులు వస్తాయా?

పాములు పైకి ఆరోగ్యంగా ఉంటూనే సాల్మొనెల్లా క్రిమిని మోస్తూ ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వంటింటి సింకులో నీటి గిన్నె కడగకూడదు. ఐదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు దూరంగా ఉండడం మంచిది. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, జ్వరం వస్తే వారిని చూసే డాక్టరుకు ఇంట్లో పాము ఉందని చెప్పండి.

ఖర్చు ఎంత అవుతుంది?

ఊరిని బట్టి, పరీక్షలను బట్టి మారుతుంది. ఫోనులోనే కన్సల్టేషన్ ఎంత, మల పరీక్ష ఎంత అని అడగడం తప్పు కాదు, నిజాయితీ గల ఆసుపత్రి చెబుతుంది.

చేలో గాయపడిన పాము దొరికితే అదే డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళవచ్చా?

కోత యంత్రం కింద పడిన జెర్రిపోతులు, వలలో చిక్కిన నీరుకట్టెలు కోతల కాలంలో తరచు కనబడతాయి. వాటిని మీరు పట్టుకోకూడదు, ఇంటికి తేకూడదు. అటవీశాఖకు ఫోను చేసి, వారు వచ్చేదాకా జనాన్ని దూరంగా ఉంచండి. కాటు పడితే కట్లు, కోతలు, మంత్రాలతో కాలం గడపకుండా, కరిచిన చోటు కదలకుండా ఉంచి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి చేరాలి.

పాము చనిపోతే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళడం వల్ల ప్రయోజనం ఉందా?

ఉంది, ముఖ్యంగా ఇంట్లో మరొక పాము ఉన్నప్పుడు. పైథాన్‌లలో నిడోవైరస్, బోవాలలోనూ పైథాన్‌లలోనూ వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ జబ్బు, కడుపు గోడను మందంగా చేసే క్రిప్టోస్పోరిడియం వంటివి ఒక పాము నుంచి మరొక పాముకు అంటుకుంటాయి, కచ్చితంగా తెలియాలంటే చాలాసార్లు శవపరీక్షే దారి. కోళ్ళ ఫారాలు చూసే వైద్యులు ఇందులో చేయి తిరిగినవారు. మీ వైద్యునికి వీలు కాకపోతే వారి సాయం అడగవచ్చు.

శరీరాన్ని డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు, కణజాలం పాడవుతుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మీరు ప్రయాణానికి వాడే ఆ థర్మోకోల్ పెట్టెలోనే ఐసు ముక్కల మధ్య ఉంచి, సాధ్యమైతే అదే రోజు చేర్చండి. వైద్యుడు ఇచ్చిన నివేదికను నోటు పుస్తకంలోని చివరి పేజీతో కలిపి దాచుకోండి. మీది నమోదైన జాతి అయితే, మరణించిన సంగతి పరివేష్ పోర్టల్‌లో తెలియజేసేటప్పుడు అవి దగ్గర ఉండాలి.